తరుగు

ఆదివారం కోడి కూయకముందే
తుమ్మలపెంట రేవుకి పోతాం, కాలేషా నేనూ,
అతని టీవీయెస్ బండి మీద.
నా ఒళ్ళో వైరుబుట్ట.
బుట్టలో గోనెగుడ్డ కింద, ఎవరికీ కనపడకుండా
నా సొంత స్ప్రింగుత్రాసు.
"రిటైరై నాలుగేళ్ళాయె, ఇంకా అదెందుకబ్బయా?"
అంటాడు కాలేషా.
ముప్పై ఏళ్ళు ఆర్టీసీ బస్సు తోలిన మనిషి,
ఇప్పటికీ రోడ్డు వార నలుగురు నిలబడుంటే
బండి నిదానిస్తాడు.
నేనేమన్నా అన్నానా?

పడవలు ఒడ్డుకు తగిలే వేళకి
ఇసక ఇంకా చల్లగానే ఉంటుంది.
కానాగంతలు తూచేటప్పుడు పోలమ్మ బొటనవేలు
పళ్ళెం అంచుకి ఆనుతుంది.
ఒకప్పుడైతే అక్కడికక్కడే కేసు రాసి
కాటా జప్తు చేసి...
ఇప్పుడు ఆ వేలు వైపే చూస్తూ డబ్బులిస్తాను.
ఉప్పునీళ్ళకి నెర్రెలిచ్చిన వేలు.
దానికీ కొంత బరువుంటుంది మరి.
త్రాసు బుట్టలోనే ఉండిపోతుంది.

ఎవరూ అడగరు గానీ
నాకు కొన్ని సంగతులు ఖాయంగా తెలుసు.
చేపల పులుసు వండిన పూటే తినేవాడికి నాలిక లేనట్టే.
డిజిటల్ కాటా అబద్ధమాడినా
మూడు దశాంశాల దాకా ఆడుతుంది.
పార్కులో గుంపుగా నిలబడి
టైము ప్రకారం నవ్వేవాళ్ళతో నాకు పొత్తు కుదరదు.
పుట్టంటే ఎనిమిదొందల యాభై కిలోలు,
దానిమీద తేమని, తాలని, దుమ్మని
కయ్యలో నిలబడ్డ రైతు దగ్గర
ఇంకో బస్తా గుంజేవాడుంటాడే,
వాడి సంగతి తర్వాత చెబుతా, బీపీ మాత్ర వేసుకుని.

నెలకోసారి నెల్లూరు.
వేదాయపాళెంలో మా కామాక్షి కాపురం.
"నాన్నా, నువ్వలా గుమ్మంలో నిలబడి చూడొద్దు,
కూరగాయలబ్బి మన వీధికి రావడం మానేశాడు."
మనవడు కాళ్ళకి చుట్టుకుంటాడు, "తాతా, నేనెంత?"
చంకల్లో చేతులేసి పైకెత్తి
ఒక క్షణం కళ్ళు మూసుకుంటాను.
"పంతొమ్మిది కిలోల నాలుగొందలు."
వాణ్ణి తీసుకుపోయి మిషనెక్కిస్తాడు అల్లుడు.
పంతొమ్మిదీ మూడొందల యాభై.
"మిషను చూపించుకోండి" అంటాను.

అక్కడినించి పొదలకూరు, అక్క దగ్గరికి.
బస్సు నిండా నిమ్మకాయ బస్తాల వాసన.
ఈసారి చెంచురత్నమ్మక్క
చీర మార్చుకుని వాకిట్లో కూర్చోనుండాది.
"సోమశిల గేట్లెత్తినారంట, చూపించరా.
యాభై ఏళ్ళుగా ఆ నీళ్ళు తాగతా ఉండా,
ఆ మొహం ఎట్టుంటదో తెల్దు."

కలువాయి మీదుగా పోయాం.
దిగేచోట మెట్టు ఎత్తు, కింద గుంత.
కండక్టరు ఈల మీద ఈల.
ఇంకేం ఆలోచించలేదు,
చంకల్లో చేతులేసి దించేశాను.

కళ్ళు మూసుకోకుండానే
అంకె నాలిక మీదికొచ్చింది.

నన్ను చంకనేసుకుని
మర్రిపాడు నించి నడిచిన మనిషి.
పుట్టెడు జ్వరంలో నేను,
ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో నేను.
ముప్పై ఆరేళ్ళ సర్వీసులో
ఎవరి కోసమూ ముల్లు జరపని చేతులివి.

"ఎంత ఉండానురా?" అంది పైట సర్దుకుంటా.
"నలభై అయిదు."
నా మొహంలోకి చూసింది.
"తరుగు తీయకుండానా?"

గేట్ల దగ్గర తుంపర మా మీదికి కొట్టుకొచ్చింది.
ఆమె కళ్ళజోడు తీసి నా చేతికిచ్చి
చాలాసేపు అట్టే నిలబడింది.
ఏదన్నా అంటుందేమోనని చూశాను.
పొట్లంలో చివరి చెనక్కాయ ఒలిచి
సగం బద్ద నాకిచ్చి అంది:
"నీళ్ళు బాగానే ఉండాయి గానీ అబ్బయా,
ఆ కాయలమ్మే పిల్లోడు గిద్ద తక్కువ పోశాడు.
పోయి అడుగు."

పోయాను. అడగలేదు.
ఇంకో పొట్లం కొనుక్కొచ్చాను.